సెల్ ఫోను బిల్లు చెల్లించు మార్గములు

 

పూర్వము మన గ్రామములలో శిస్తు కట్టు కాలము వచ్చినప్పుడు తెలివిగల రైతు మూడు సంగతులు తప్పక విచారించుకొనెడివాడు. నేను కట్టవలసిన మొత్తమెంత? దానిని పుచ్చుకొనుటకు అధికారము గలవాడెవడు? కట్టినట్లు నా చేతికి రసీదు వచ్చినదా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినను, ఒకసారి కట్టిన పైకమును మఱల కట్టవలసివచ్చెడిది. నేడు మన యిండ్లలో నెలనెలకు క్రొత్త శిస్తు ఒకటి ఏర్పడినది. అదియే సెల్ ఫోను బిల్లు. దీనిని చెల్లించు మార్గములు అనేకములు. వానిని ఒక్కొక్కటిగా మీకు వివరించుటయే ఈనాటి నా ప్రసంగము. మార్గములెన్ని యైనను ఆ మూడు ప్రశ్నలు మాత్రము మాఱలేదు. కాలమును బట్టి నాలుగవ నియమ మొకటి వానికి చేరినది. చెల్లింపునకు మొదటి అడుగు మనమే వేయవలెను. మనలను వెదకికొని వచ్చి తొందరపెట్టినవాని వెంట పోరాదు. నేను చెప్పబోవు మాటలన్నిటికి సారమిదియే.

ఒక్క ఫోను బిల్లునకు ఇంత యుపోద్ఘాతమెందుకని కొందఱు తలపవచ్చును. మన దేశమున మొదటి సెల్ ఫోను సంభాషణ 1995వ సంవత్సరము జూలై 31వ తేదీన జరిగినది. కలకత్తా నుండి ముఖ్యమంత్రి జ్యోతి బసు గారు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాం గారితో మాటలాడిరి. ఆ దినములలో ఫోను ధనవంతుల వస్తువు. మనము చేసిన పిలుపునకే గాక, మనకు వచ్చిన పిలుపునకు సైతము రుసుము పడెడిది. 2003వ సంవత్సరము మే నెలలో ఆ భారము తొలగినది. అప్పుడు ఫోను ఆగిపోయినచో మాట మాత్రమే ఆగెడిది. నేటి సంగతి అట్లు కాదు. మన బ్యాంకు ఖాతాకు, ఆధారు కార్డునకు, పింఛను కాగితములకు, వంటగ్యాసు పుస్తకమునకు ఆ పది అంకెల సంఖ్యయే ముడిపడి యున్నది. ఖాతాలో పైకము పడినను, తీసినను ఆ సంఖ్యకే కబురు వచ్చును. బ్యాంకువారు పంపు రహస్యసంఖ్య, అనగా ఓటీపీ, ఆ ఫోనులోనే కనిపించును. దూరదేశమున నున్న కుమారుడు అర్ధరాత్రి తల్లి క్షేమము విచారించునది ఆ సంఖ్యకే. కావున నంబరు పోయినదనగా ఇంటి తాళపుచెవుల గుత్తి పోయినట్లే. బిల్లు కట్టుట ఆ గుత్తిని కాపాడుకొనుట.

మార్గములను చెప్పుటకు ముందు మన ఫోను ఏ తరగతికి చేరినదో తెలిసికొనవలెను. ఫోను ఖాతాలు రెండు విధములు. ముందుగా పైకము కట్టి తరువాత వాడుకొనునది ప్రీపెయిడ్. దానికి పైకము కట్టుటను రీచార్జి యందురు. ముందు వాడుకొని, నెల ముగిసిన పిమ్మట లెక్క చూచి కట్టునది పోస్ట్‌పెయిడ్. మన గ్రామములలో హెచ్చుగా నున్నది మొదటి విధము. వాడుకలో రెండింటిని మనము ఫోను బిల్లనియే యందుము గాని, రెండింటి గడువులు వేఱు.

ప్రీపెయిడులో తఱచుగా కనిపించు గడువు 28 దినములు. దీనిని నెల యని భ్రమపడుట సహజము. ఏడాదికి 365 దినములు. 28చే భాగింపగా 13 సార్లు పోయి ఒక దినము మిగులును. అనగా ఏటికి 12 మాఱులు గాక 13 మాఱులు కట్టవలెనన్నమాట. ఒక్కొక్క మాఱు 200 రూపాయల చొప్పున కట్టువాడు ఏటికి 2,400 రూపాయలని తలచినచో, నిజముగ అగునది 2,600. ఈ చిక్కును గూర్చి ప్రజలు మొఱపెట్టుకొనగా, టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్ వారు 2022వ సంవత్సరము జనవరిలో ఒక ఉత్తరువు చేసిరి. ప్రతి కంపెనీయు 30 దినముల గడువు గల పథకము ఒకటియైనను, ప్రతినెల అదే తేదీన కట్టుకొనదగిన పథకము ఒకటియైనను అమ్మకమునకు ఉంచవలెనని అందు విధించిరి. పింఛను నెలకొకసారి వచ్చునట్టి వారికి ఇట్టి పథకము అనుకూలము. మఱియొక సంగతి. ఇంటర్నెట్టు అక్కఱలేక, మాటలాడుటకు మాత్రమే ఫోను ఉంచుకొన్న వృద్ధులు పలువురు కలరు. వారి కొఱకు మాటలు, సందేశములు మాత్రమే గల పథకములను సైతము అమ్మవలెనని 2024వ సంవత్సరము డిసెంబరులో ట్రాయ్ వారు నిర్ణయించిరి. అట్టి ప్రత్యేక పథకముల గడువును 90 దినముల నుండి 365 దినముల వఱకు పెంచుకొనవచ్చునని కూడ అప్పుడే అనుమతించిరి. దుకాణదారుడు తానై ఈ సంగతి చెప్పక పోవచ్చును, మనము అడుగవలెను.

పోస్ట్‌పెయిడ్ వారికి నెలనెలకు బిల్లు వచ్చును. దానిని చదువుట కష్టము కాదు. ఏ తేదీ నుండి ఏ తేదీ వఱకు లెక్క వేసిరో మొదట చూడవలెను. పిమ్మట నెల అద్దె, దానిపై పన్ను, వెనుకటి బాకీ యున్నచో ఆ మొత్తము, చివరకు చెల్లింపు గడువు తేదీ. పన్ను నూటికి 18 రూపాయలు. నెల అద్దె 400 రూపాయలైనచో పన్ను 72, కలిసి 472. ఇంతకు మించి అంకె కనిపించినచో కారణమును వెదకవలెను. మనము అడుగని పాటల సేవయో, మఱియే సేవయో చేరి యుండవచ్చును. విదేశమునకు చేసిన పిలుపు ఉండవచ్చును. గడువు మీఱినందులకు అపరాధ రుసుము ఉండవచ్చును. బిల్లుపై సందేహము కలిగినచో అదే ఫోను నుండి 198 అను సంఖ్యకు ఫిర్యాదు చేయవలెను. వారు ఫిర్యాదునకు ఒక సంఖ్య ఇత్తురు. దానిని వ్రాసికొనక ఫోను పెట్టివేయరాదు. వారి సమాధానము తృప్తికరముగ లేనిచో, అదే కంపెనీయందు పై విచారణాధికారి యుండును. ఆ ఫిర్యాదు సంఖ్యను చూపి వారికి చెప్పుకొనవచ్చును.

ఇక మార్గములు. మొదటిది, స్వయముగా వెళ్లి రొక్కము చెల్లించుట. కంపెనీవారి దుకాణము, ఊరిలోని రీచార్జి కొట్టు, మీసేవ కేంద్రము, కామన్ సర్వీసు సెంటరు అను సేవాకేంద్రము ఈ కోవలోనివి. మన తెలుగువారికి ఇది క్రొత్త పద్ధతి కాదు. హైదరాబాదున 2001వ సంవత్సరమున ఈసేవ కేంద్రములు వెలసినప్పుడు కరెంటు, నీరు, టెలిఫోను బిల్లులను ఒకే కిటికీ వద్ద కట్టు సౌకర్యము కలిగినది. తరువాత 2011వ సంవత్సరమున మీసేవ వచ్చినది. ఏ కేంద్రమువారు ఏ కంపెనీ బిల్లులు పుచ్చుకొందురో ముందుగా అడిగి తెలిసికొనవలెను. ఈ మార్గమున ప్రమాదము అంకెలలో నున్నది. నంబరును నోటితో చెప్పగా ఒక అంకె తప్పినచో, మన పైకము ముక్కు మొగము తెలియనివాని ఫోనులో పడును. దానిని మరలించుకొనుట మిక్కిలి కష్టము. కావున నంబరును చీటిపై వ్రాసి ఇచ్చి, కొట్టువాడు మీట నొక్కక మునుపు పది అంకెలను పైకి చదివింపుడు. పైకము చేరినట్లు కంపెనీ నుండి మన ఫోనుకు సందేశము వచ్చువఱకు కొట్టు విడిచి రాకుడు. బిల్లు కట్టినవారు ముద్రగల రసీదును అడిగి తీసికొనవలెను. “పడిపోయినది లెండి, పెద్దయ్యా” యను మాట రసీదు కాదు.

ఈ సందర్భమున తపాలా శాఖను మఱువరాదు. 1880వ సంవత్సరము మొదలు 2015 వఱకు మనియార్డరు మోసికొని వచ్చిన తపాలా బంట్రోతును మన యిండ్లవారందఱు ఎఱుగుదురు. 2018వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన ఇండియా పోస్టు పేమెంట్సు బ్యాంకు దేశమంతట ప్రారంభింపబడినది. అందు ఖాతా గలవారు ఫోను రీచార్జిని, బిల్లుల చెల్లింపును ఆ బ్యాంకు ద్వారా జరుపుకొనవచ్చును. నడువలేని వృద్ధులకు ఇంటి వద్దనే కొన్ని సేవలు అందించు ఏర్పాటును ఆ శాఖవారు చేసిరి. మీ ఊరి తపాలా కచేరిలో విచారించుట మంచిది.

రెండవ మార్గము చెక్కు. ఇది పోస్ట్‌పెయిడ్ వారికి, అదియు చెక్కు పుచ్చుకొను కార్యాలయము దగ్గరలో నున్నవారికి మాత్రమే పనికివచ్చును. చెక్కును కంపెనీ పేర వ్రాసి, ఎడమ మూల రెండు గీతలు గీసి, వెనుక ఫోను నంబరు వ్రాయవలెను. చెక్కు ఇచ్చిన దినము వేఱు, పైకము చేరిన దినము వేఱు. కావున గడువునకు వారము ముందే ఇయ్యవలెను. ఖాతాలో చాలినంత పైకము లేక చెక్కు మరలివచ్చినచో, బిల్లు నిలిచి యుండుటయే గాక బ్యాంకువారి రుసుము అదనముగ పడును.

మూడవది నేడు దేశమంతట వ్యాపించిన యూపీఐ మార్గము. దీనిని 2016వ సంవత్సరము ఏప్రిలులో జాతీయ చెల్లింపుల సంస్థ ప్రారంభించినది. అదే సంవత్సరము డిసెంబరు 30వ తేదీన భీమ్ అను యాపు వచ్చినది. తరువాత ఇతర కంపెనీల యాపులును పుట్టినవి. ఇందు మొదట గ్రహింపవలసిన దేమనగా, మన పైకము యాపులో ఉండదు. బ్యాంకు ఖాతాలోనే ఉండును. యాపు వార్తాహరుడు మాత్రమే. “నా ఖాతా నుండి ఇంత పైకమును ఫలానా వారికి ఇమ్ము” అను కబురును అది బ్యాంకునకు మోసికొనిపోవును. ఆ కబురు నిజముగ మనదేనని బ్యాంకునకు రుజువు చూపునది పిన్ అను రహస్యసంఖ్య. అది నాలుగు అంకెలు గాని ఆఱు అంకెలు గాని యుండును.

పిన్ స్వభావము తెలియుటకు దేవాలయపు హుండీని తలచుకొనుడు. హుండీలో కానుక వేయుటకు తాళము తీయనక్కఱలేదు. లోపలి పైకమును బయటికి తీయుటకే తాళపుచెవి కావలెను. మన ఖాతాయు అట్టిదే. మనకు పైకము వచ్చునప్పుడు పిన్ అక్కఱ రాదు. మన పైకము పోవునప్పుడే పిన్ నొక్కవలసి యుండును. “మీకు బిల్లులో రాయితీ వచ్చినది, పుచ్చుకొనుటకు పిన్ నొక్కుడు” అని ఎవడైన చెప్పినచో వాడు మన హుండీని మనచేతనే తెఱపించుచున్నాడని అర్థము. చదరపు గళ్ల ముద్ర, అనగా క్యూఆర్ కోడు, పంపి “దీనిని చూపినచో మీకు పైకము పడును” అని చెప్పుటయు ఇట్టి మోసమే.

యాపు ద్వారా పోస్ట్‌పెయిడ్ బిల్లు కట్టునప్పుడు కంపెనీ పేరును ఎన్నుకొని నంబరు వ్రాయగా, కట్టవలసిన మొత్తము దానంతట అదియే తెరపై కనిపించును. దీనికి కారణము భారత్ బిల్ పేమెంట్ సిస్టమ్ అను ఏర్పాటు. 2016లో పరీక్షగా మొదలై 2017లో పూర్తిగ ఆచరణలోనికి వచ్చిన ఈ ఏర్పాటునకు 2024 నుండి భారత్ కనెక్ట్ అను పేరు వాడుచున్నారు. ఒక సంతలో అన్ని సరకులు దొరకినట్లు, కరెంటు, నీరు, గ్యాసు, ఫోను బిల్లులన్నిటికి ఇది ఒక కూడలి. ఏ బ్యాంకు యాపు నుండి వచ్చినను ఈ కూడలి ద్వారా కంపెనీ లెక్కలోనికి చేరవచ్చును. చెల్లింపు ముగిసిన వెంటనే ఒక లావాదేవీ సంఖ్య వచ్చును. శిస్తు రసీదునకు ఇదియే నేటి రూపము. కొన్ని యాపులు రీచార్జికి స్వల్పమైన సేవారుసుమును చేర్చుచున్నవి. కావున పిన్ నొక్కక ముందు చివరి మొత్తమును ఒకసారి చూడవలెను.

తెరను తాకి వాడు ఫోను లేదు, మీటల ఫోనే యున్నది అనువారికి ఈ మార్గము మూసికొని పోలేదు. అట్టివారి కొఱకు రిజర్వు బ్యాంకు 2022వ సంవత్సరము మార్చిలో యూపీఐ 123 పే అను ఏర్పాటును ప్రారంభించినది. ఇంటర్నెట్టు లేకున్నను, నిర్ణయింపబడిన సంఖ్యకు ఫోను చేసి, అందు వినవచ్చు మాటలను బట్టి మీటలు నొక్కుచు చెల్లింపు జరుపవచ్చును. మొట్టమొదట బ్యాంకు ఖాతాతో జతపఱచుకొని పిన్ నిర్ణయించుకొనవలసి యుండును. ఈ పనిని మన బ్యాంకు శాఖలోనే అడిగి చేయించుకొనుట క్షేమము.

నాలుగవది బ్యాంకు కార్డుతో గాని, బ్యాంకువారి సొంత యాపు ద్వారా గాని కంపెనీ ఖాతాకు నేరుగా చెల్లించుట. ఇందు కార్డుపై నున్న అంకెలు, గడువు తేదీ, వెనుకనున్న మూడంకెల సంఖ్య వ్రాసిన పిమ్మట ఫోనుకు ఓటీపీ వచ్చును. ఇది పట్టణములలో చదువుకొన్న పిల్లలు తఱచుగ వాడు మార్గము. వారు దూరమున నుండి తల్లిదండ్రుల బిల్లు కట్టుటకు ఇది చక్కగ పనికివచ్చును. హైదరాబాదులో నున్న కుమార్తె తన ఫోను నుండియే తండ్రి నంబరునకు రీచార్జి చేయవచ్చును. విదేశములలో నున్నవారు సైతము మన దేశములోని కుటుంబపు బిల్లులను భారత్ బిల్ పేమెంట్ సిస్టమ్ ద్వారా కట్టుకొను వీలు కల్పింతుమని 2022వ సంవత్సరము ఆగస్టులో రిజర్వు బ్యాంకు ప్రకటించినది. పిల్లలు కట్టునప్పుడు మన రహస్యసంఖ్యలతో పని లేదు. ఇది వృద్ధులకు గొప్ప లాభము. అయితే కట్టు భారము ఎవరిదో ముందుగా స్పష్టపఱచుకొనవలెను. అన్న కట్టునని తమ్ముడును, తమ్ముడు కట్టునని అన్నయు ఊరకుండగా తల్లి ఫోను మూగపోయిన యిండ్లు కలవు.

ఐదవది, ప్రతినెల దానంతట అదియే చెల్లునట్లు బ్యాంకునకు అనుమతి ఇచ్చుట. దీనిని ఆటోపే యందురు. 2021వ సంవత్సరము అక్టోబరు నుండి అమలునకు వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము, ఇట్లు పైకము తీయుటకు కనీసము 24 గంటలు ముందుగా మనకు కబురు పంపవలెను. అక్కఱ లేదనుకొన్నచో ఆ అనుమతిని మనము రద్దు చేసికొనవచ్చును. మఱపు గలవారికి ఇది మంచి సాధనము. కాని రెండు జాగ్రత్తలు కలవు. పింఛను ఖాతాలో పడిన తరువాతి తేదీని ఎన్నుకొనవలెను; లేనిచో ఆ దినమున ఖాతా వట్టిపోయి చెల్లింపు ఆగును. రెండవది, దానంతట అది చెల్లుచున్నది గదా యని బిల్లు చదువుట మానరాదు. కాపలా లేని చేనిలో పశువులు పడినట్లు, చదువని బిల్లులో అక్కఱలేని రుసుములు చేరును.

ఇన్ని మార్గములలో ఏది మేలని మీరు అడుగవచ్చును. నా అభిప్రాయము చెప్పెదను. ఒంటరిగ నుండి, ఊరిలో నమ్మకమైన సేవాకేంద్రము గలవారికి రొక్కము కట్టి రసీదు తీసికొనుటయే మేలు. పిల్లలు ప్రతినెల శ్రద్ధగ కట్టుచున్నచో అది ఉత్తమము. చదివి అర్థము చేసికొను ఓపిక గలవారు యూపీఐ నేర్చుకొనుటకు వెఱవనక్కఱలేదు. కాని పెద్ద మొత్తములు గల ఖాతాను ముడిపెట్టక, వేఱుగ చిన్న ఖాతా ఒకటి తెఱచి, నెల ఖర్చునకు చాలినంత మాత్రమే అందుంచుట మంచిది. పొలము అమ్మిన పైకము, అమ్మాయి పెండ్లికి దాచిన పైకము ఫోనునకు ముడిపడి యుండవలసిన అవసరము లేదు. మనుమనిచేత చేయించుకొనుట తప్పు కాదు. అతడు మన ప్రక్కన కూర్చుండి చేయవలెను. పిన్ మాత్రము మన వ్రేలితో మనమే నొక్కవలెను. ఇది మనుమనిపై అనుమానము గాదు. అతని ఫోను పోయినను, అతని స్నేహితుడు చూచినను, రేపు నింద అతనిపై పడకుండుటకే ఈ జాగ్రత్త.

ఒక్కొక్కసారి ఖాతాలో పైకము తగ్గును గాని, కంపెనీకి చేరినట్లు కబురు రాదు. అప్పుడు కంగారుపడి వెంటనే రెండవసారి కట్టరాదు. 2019వ సంవత్సరము సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు దీనికి ఒక నియమము చేసినది. యూపీఐ ద్వారా వర్తకునికి చెల్లించిన పైకము ఖాతా నుండి పోయియు అతనికి చేరినట్లు ధ్రువపడనిచో, చెల్లించిన దినము గాక 5 దినములలో దానిని ఖాతాకు మరలింపవలెను. ఆలసించినచో దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము ఇయ్యవలెను. మనము చేయవలసినది లావాదేవీ సంఖ్యను వ్రాసియుంచుకొని, బ్యాంకునకు గాని యాపులోని ఫిర్యాదు స్థానమునకు గాని తెలుపుటయే. ఇచ్చట ఒక గొయ్యి యున్నది. కొందఱు ఇట్టి సమయమున కంపెనీ ఫోను నంబరు కొఱకు ఇంటర్నెట్టులో వెదకుదురు. దొంగలు తమ నంబరులనే కంపెనీ నంబరులని అచ్చట వ్రాసియుంచుచున్నారు. కావున నంబరును బిల్లు కాగితముపై గాని, బ్యాంకు పుస్తకముపై గాని, కార్డు వెనుక గాని చూడవలెను.

ఇక మోసగాండ్ర సంగతి. వారి పలుకులు మూడు నాలుగు తీరులలోనే యుండును. “మీ బిల్లు కట్టలేదు, రెండు గంటలలో నంబరు ఆగిపోవును.” “మీ సిమ్ము వివరములు సరిగా లేవు, పది రూపాయలు మాత్రము కట్టుడు.” “ఈ లంకెను నొక్కుడు.” “ఈ యాపును దింపుకొనుడు, నేనే సరిచేసెదను.” ఈ చివరిది మిక్కిలి అపాయకరము. అట్టి యాపుతో మన ఫోను తెర వానికి దూరము నుండియే కనిపించును. వచ్చిన ఓటీపీని మనము చెప్పకున్నను వాడు చదువుకొనును. పది రూపాయలు వానికి అక్కఱలేదు. పది రూపాయలకై మనము వ్రాయు పిన్ కావలెను. ట్రాయ్ పేరు చెప్పి నంబరు నిలిపివేయుదుమని బెదరించువారును కలరు. ట్రాయ్ వారు తాము ఎవరికిని అట్టి పిలుపులు చేయమని బహిరంగముగ ప్రకటించిరి. నిజమైన బిల్లునకు గడువు తేదీ యుండును. అది రెండు గంటలలో పుట్టి రెండు గంటలలో చావదు. తొందర యెక్కడ హెచ్చుగ నున్నదో మోసమక్కడ నున్నదని తలపవచ్చును. అట్టి పిలుపు వచ్చినప్పుడు మారు మాటాడక ఫోను పెట్టివేసి, మనకు తెలిసిన మార్గమున మనమే బిల్లు చూచుకొనుట ఉత్తమము.

ఇంత చెప్పినను ఎవరైన మోసపోవచ్చును. అది తెలివితక్కువ యని సిగ్గుపడి దాచుటయే అన్నిటికంటె పెద్ద నష్టము. దొంగ పైకమును ఒక ఖాతా నుండి మఱియొక ఖాతాకు వేగముగ తరలించును. ఆ దారిలో పట్టుకొనవలెనన్న గంటలు కాదు, నిమిషములు లెక్క. వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. అది సైబరు నేరముల ఫిర్యాదు కొఱకు ప్రభుత్వము ఏర్పఱచిన సంఖ్య. తరువాత బ్యాంకునకు తెలిపి, ఖాతాను నిలుపు చేయింపవలెను. మన తప్పు లేకుండ, బ్యాంకు తప్పును లేకుండ, మూడవవాని వలన పోయిన పైకమునకు, బ్యాంకు కబురు అందిన 3 పనిదినములలో ఫిర్యాదు చేసినచో ఖాతాదారునిపై భారము ఉండదని 2017వ సంవత్సరము జూలైలో రిజర్వు బ్యాంకు ఉత్తరువు చేసినది. రహస్యసంఖ్యను మనమే చెప్పియున్నచో, ఫిర్యాదు చేయువఱకు జరిగిన నష్టమును మనమే భరింపవలెనని అదే ఉత్తరువు చెప్పినది. దీనిని బట్టి మౌనమునకు ఎంత వెల కట్టవలెనో మీరే గ్రహింపవచ్చును. ఇంట పెద్దవారు మోసపోయినప్పుడు చిన్నవారు ఎగతాళి చేయరాదు. ఎగతాళికి వెఱచియే పెద్దలు తెల్లవాఱు వఱకు నోరు మెదపకుందురు.

గడువు మఱచి బిల్లు కట్టనిచో ఏమగును? పోస్ట్‌పెయిడ్ వారికి మొదట హెచ్చరిక వచ్చును, పిమ్మట మనము చేయు పిలుపులు ఆగును, తరువాత వచ్చు పిలుపులును ఆగును, చివరకు ఖాతా రద్దగును. బాకీ మాత్రము రద్దు కాదు. కంపెనీ మార్చుకొందమన్నను, బాకీ తీఱనిదే అదే నంబరుతో వేఱొక కంపెనీకి పోవుటకు వీలులేదు. ప్రీపెయిడులోను బహుకాలము రీచార్జి లేకయు, వాడుక లేకయు పడియున్న నంబరును కంపెనీవారు తీసివేసి, కొంత కాలము తరువాత వేఱొకరికి ఇత్తురు. అప్పుడు మన బ్యాంకు కబురులు పరాయివాని చేతికి పోవును. కావున ఒక నంబరు ఇక అక్కఱలేదనుకొన్నప్పుడు దానిని ఊరక విడువక, ముందుగా బ్యాంకులోను, ఆధారు కేంద్రములోను, గ్యాసు కార్యాలయములోను క్రొత్త నంబరు వ్రాయించి, ఆ పిమ్మటనే పాతదానిని వదలవలెను. ఇంటిలో ఎవరైన కాలము చేసినప్పుడు సైతము వారి నంబరును తొందరపడి ఆపివేయక, వారి ఖాతాల పనులు తీఱువఱకు నిలుపుకొనుట మంచిది.

తుదకు ఒక చిన్న ఉపాయము చెప్పి విరమించెదను. పాలపద్దు, కూలిపద్దు వ్రాసికొను అలవాటు మన పెద్దలలో నేటికిని కలదు. ఆ పుస్తకములోనే ఒక పుటను ఫోనుకై ఉంచుడు. కట్టిన తేదీ, మొత్తము, కట్టిన మార్గము, లావాదేవీ సంఖ్య, తిరిగి కట్టవలసిన తేదీ యను ఐదు గడులు చాలును. 28 దినముల పథకమైనచో తరువాతి తేదీని ఆ దినమే లెక్కించి వ్రాసి, దానికి మూడు దినములు ముందు పంచాంగములో గుఱుతు పెట్టుకొనుడు. పిన్ మాత్రము ఆ పుటలో వ్రాయరాదు. ఇట్టి పుట గల యింట, “బిల్లు కట్టలేదు” అని ఎవడు బెదరించినను, పెద్దవారు పుస్తకము తెఱచి చూచి, “పదునెనిమిదవ తేదీన కట్టితిమి, సంఖ్య ఇదిగో” యని నెమ్మదిగ చెప్పగలరు. అట్టివారిని తొందరపెట్టి దోచుట ఎవనికిని సాధ్యము కాదు.